పేజ్‌మేకర్ పని సాగుతున్న పాత కంప్యూటర్‌ను విండోస్ 11కు మార్చాలా?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న తీరు ఇది. మీరు ఇంట్లోనే డీటీపీ పని, అంటే కంప్యూటర్‌లో అచ్చుకు పేజీలు కూర్చే పని, చేస్తున్నారు. మీ కంప్యూటర్‌లో ఆరో తరం ఐ5 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్ ఉన్నాయి. విండోస్ 10 మీద పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 7 ప్రోగ్రాం, అను అనే తెలుగు ఫాంట్లతో పని సాగుతోంది. బ్యాంకు లావాదేవీలు, మెయిళ్లు, పిల్లల చదువు కూడా దాని మీదే. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది కాబట్టి 11కు మారాలా, ఇలాగే కొనసాగాలా అని అడిగారు. ప్రాసెసర్ అర్హత లేకపోయినా ఎలాగోలా ఎక్కించి ఇస్తానంటున్న మెకానిక్ మాట నమ్మవచ్చా అన్నది మీ రెండో సందేహం.

ఆ కంప్యూటర్‌ను విండోస్ 11కు మార్చవద్దని, దానికి ఇంటర్నెట్ మాత్రం ఆపేయమని నా సలహా. బ్యాంకు, మెయిలు, చదువు మరో యంత్రానికి తరలించండి. ఖర్చుతో కూడిన సలహా కనుక కారణాలు కాస్త వివరంగా చెబుతాను.

నేను విజయవాడలో చాలా ఏళ్లుగా శుభలేఖలు, కరపత్రాలు, సావనీర్లు, అప్పుడప్పుడు కవితా సంకలనాలు కంపోజ్ చేస్తున్నాను. ఎక్స్‌పీ నుంచి 7కు, 7 నుంచి 10కు మారాను. ఇటీవల ఒక కంప్యూటర్‌లో 11 కూడా వాడుతున్నాను. మార్పు వచ్చిన ప్రతిసారీ ర్యామ్ చాలుతుందా, ప్రాసెసర్ సరిపోతుందా అన్న చర్చతోనే అందరం మొదలుపెడతాం. తీరా చూస్తే పని ఆగిపోయేది మన దగ్గరున్న వాటిలోకెల్లా పాత వస్తువు దగ్గర. అది ఒకసారి ప్రింటర్ డ్రైవర్ అవుతుంది, ఒకసారి ఫాంటు, మరోసారి సీపీయూ వెనక గుచ్చిన డాంగిల్ (అది ఉంటేనే సాఫ్ట్‌వేర్ తెరుచుకునే తాళం లాంటి చిన్న పరికరం). అందువల్ల కొత్త విండోస్ ఏం అడుగుతోందో చూసే ముందు, మీ చేత సంపాదన చేయిస్తున్న పాత సరంజామా ఏయే షరతుల మీద నడుస్తోందో రాసి పెట్టుకోవడం మంచిది.

పేజ్‌మేకర్ సంగతే చూడండి. అడోబీ సంస్థ 7వ వెర్షన్‌ను 2001లో విడుదల చేసింది. ఆ తరువాత దిద్దుబాట్లే తప్ప కొత్త వెర్షన్ రాలేదు. అంటే అది ఎక్స్‌పీ కాలపు ప్రోగ్రాం. విండోస్ 10 మీద అది నడుస్తోందంటే ఎవరో పూచీపడి నడిపిస్తున్నారని అర్థం చేసుకోకూడదు, ఇంతవరకు అడ్డేమీ రాలేదంతే. విండోస్ 11లో 32 బిట్ ఎడిషన్ అసలు లేదు. 64 బిట్ విండోస్ మీద 32 బిట్ ప్రోగ్రాములు నడుస్తాయి గానీ అంతకన్నా పాత తరం 16 బిట్‌వి నడవవు. ఇక్కడొక చిక్కు ఉంది: ఆ కాలపు సీడీలు కొన్నింటిలో ప్రోగ్రాం 32 బిట్‌దే అయినా దాన్ని ఎక్కించే సెటప్ 16 బిట్‌ది. ప్రోగ్రాం నడుస్తుంది, ఎక్కించడమే కుదరదు. మీ విండోస్ 10 కూడా 32 బిట్‌దైతే (సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో అబౌట్ తెరిస్తే కనిపిస్తుంది) దాని మీదే అప్‌గ్రేడ్ చేయడం సాధ్యం కాదు. డిస్కు ఖాళీ చేసి అన్నీ మొదటి నుంచి ఎక్కించాల్సి వస్తుంది. అప్పుడు సీడీలు, సీరియల్ నంబర్లు కావాలి. మన డీటీపీ లోకంలో అసలు సీడీ ఎవరి బీరువాలో ఉందో, ఉందో లేదో కూడా తెలియని వాళ్లే ఎక్కువ. ఆ సంగతి మనలో మనం దాచుకోనక్కరలేదు.

డాంగిల్ విషయం ఇంకా తిరకాసుగా ఉంటుంది. నా దగ్గరున్న ఒక పాత తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ యూఎస్‌బీ డాంగిల్ ఉంటేనే తెరుచుకుంటుంది. విండోస్ 11 ఉన్న కంప్యూటర్‌కు దాన్ని పెట్టినప్పుడు ఎర్ర దీపం చక్కగా వెలిగింది, తెర మీద మాత్రం లాక్ కనబడలేదన్న సందేశం వచ్చింది. కారణం కోర్ ఐసొలేషన్ కింద ఉండే మెమరీ ఇంటెగ్రిటీ అనే రక్షణ. విండోస్ 11ను కొత్తగా ఎక్కించినప్పుడు, యంత్రం అనుకూలిస్తే, అది దానంతటదే ఆన్ అయి ఉంటుంది. తన నియమాలకు లోబడని పాత డ్రైవర్లను అది లోడ్ కానివ్వదు. విండోస్ సెక్యూరిటీలోకి వెళ్లి దాన్ని ఆఫ్ చేస్తే డాంగిల్ పనిచేసింది. కానీ ఏ భద్రత కోసమని కొత్త విండోస్‌కు మారతామో అందులో ముఖ్యమైన భాగాన్నే ఆపేసి కూర్చోవడం, దొంగల భయంతో కొత్త తలుపు చేయించి దాన్ని బార్లా తెరిచి పడుకోవడం లాంటిది. నేను ఆ రక్షణను మళ్లీ ఆన్ చేసి, డాంగిల్‌ను పాత యంత్రానికే తిరిగి పెట్టేశాను.

ఇక ఫాంట్లు. అను ఫాంట్లు యూనికోడ్‌వి, అంటే ప్రతి తెలుగు అక్షరానికీ అన్ని కంప్యూటర్లలో ఒకే సంకేతం ఉండే పద్ధతివి, కావు. ఇంగ్లిషు అక్షరాలకూ గుర్తులకూ కేటాయించిన గడుల్లో తెలుగు తలకట్లు, గుడులు, వొత్తులు కూర్చుని ఉంటాయి. ఫాంటు లేని కంప్యూటర్‌లో ఫైలు తెరిస్తే శ్రీరస్తు శుభమస్తు ఉండాల్సిన చోట అర్థంలేని ఇంగ్లిషు అక్షరాల వరస కనిపించేది అందుకే. అది పెద్ద ప్రమాదం కాదు, ఎందుకంటే తప్పు కంటికి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఒక పేజీలో అంతా సరిగా ఉండి ఏదో ఒక వొత్తు మాత్రం పీడీఎఫ్‌లో మాయమయ్యే సందర్భానికే భయపడాలి. విండోస్ మారినా, ప్రింటర్ డ్రైవర్ మారినా, పీడీఎఫ్ చేసే పద్ధతి మారినా ఇది జరగవచ్చు. అందుకు నేనొక పరీక్ష పేజీ తయారుచేసి పెట్టుకున్నాను: లక్ష్మీనరసింహ, జ్ఞానప్రసూన, సిద్ధార్థ, రాజరాజేశ్వరి వంటి పేర్లు, తిథి వార నక్షత్రాలు, తారీఖుల అంకెలు అందులో ఉంటాయి. మార్పుకు ముందు ఒక ప్రింటు, తరువాత ఒక ప్రింటు తీసి, రెండు కాగితాలనూ ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీ వెలుతురుకు పట్టి చూస్తాను. పంక్తి చివర ఒక్క అక్షరం జరిగినా, ఒక్క వొత్తు రాలినా తెలిసిపోతుంది. శుభలేఖలో వధువు పేరులో వొత్తు పోతే ఆ కార్డులన్నీ మన ఖర్చుతోనే మళ్లీ వేయించాలి.

మెకానిక్ చెబుతున్న అడ్డదారి గురించి. విండోస్ 11కు ఇంటెల్ అయితే సాధారణంగా ఎనిమిదో తరం, ఆపై ప్రాసెసర్లు కావాలి. దాంతోపాటు టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే భద్రతా ఏర్పాట్లు, 4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్కు ఉండాలి. ఆరో తరం యంత్రాల్లో చాలావాటికి బయోస్‌లో (విండోస్ కన్నా ముందు తెరుచుకునే యంత్రపు సెట్టింగుల్లో) పీటీటీ అనే అమరికను ఆన్ చేస్తే టీపీఎం వస్తుంది కాబట్టి ఆ పరీక్ష గట్టెక్కినా, ప్రాసెసర్ దగ్గర మాత్రం అనర్హతే. విండోస్ లోపలి అమరికలుండే రిజిస్ట్రీలో మార్పు చేసి ఎక్కించడం సాధ్యమే, అతను అబద్ధం చెప్పడం లేదు. అయితే అలా ఎక్కించిన యంత్రానికి అప్‌డేట్లు అందుతాయన్న హామీ లేదని మైక్రోసాఫ్టే చెబుతోంది. ఏటా వచ్చే కొత్త వెర్షన్‌ను కూడా మీరే మళ్లీ అడ్డదారిలో ఎక్కించుకోవాలి. భద్రతా దిద్దుబాట్లు ఆగిపోయాయనే కదా ఈ ప్రయాస. వస్తాయో రావో తెలియని చోటికి డబ్బిచ్చి మరీ వెళ్లడం దేనికి?

అప్‌డేట్లు లేకపోతే ఏమవుతుందన్న సందేహం వస్తుంది కాబట్టి, విండోస్‌లోని ఒక లోపం గుండా చొరబడి, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగిన 2017 మే నాటి వానాక్రై దాడి గుర్తుచేస్తాను. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. ఆ లోపానికి దిద్దుబాటును మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చిలోనే విడుదల చేసింది. దెబ్బతిన్న వాటిలో ఎక్కువ భాగం, అప్పటికింకా మద్దతు ఉండి కూడా ఆ దిద్దుబాటు వేయని విండోస్ 7 యంత్రాలే. కాబట్టి తాజా వెర్షన్ అన్న పేరుకన్నా, దిద్దుబాట్లు క్రమం తప్పకుండా పడుతున్నాయా లేదా అన్నదే చూడాలి.

ఆ లెక్కన మీకు కొంత వ్యవధి ఉంది. వ్యక్తిగత వాడకందారులకు విండోస్ 10 భద్రతా అప్‌డేట్లను 2026 అక్టోబరు 13 వరకు పొడిగించుకునే పథకాన్ని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. మీ విండోస్ 10 వెర్షన్ 22హెచ్2 అయి ఉండాలి. మైక్రోసాఫ్ట్ ఖాతాతో సైన్ ఇన్ అయి, సెట్టింగుల బ్యాకప్‌ను ఆ ఖాతాకు అనుసంధానిస్తే రుసుము ఉండదు. లేదంటే 30 డాలర్లకు సమానమైన మొత్తం ఒకసారి కట్టవచ్చు. విండోస్ అప్‌డేట్ పేజీలోనే నమోదు లంకె కనిపిస్తుంది. రెండో యంత్రం కొనే దాకా ఇది పనికొస్తుంది. ఆ తరువాత పాతదానికి నెట్ తీసేయవచ్చు.

నెట్ తీసేయడమంటే కేబుల్ పీకి ఊరుకోవడం చాలదు. వైఫై అడాప్టర్‌ను డివైస్ మేనేజర్‌లో డిసేబుల్ చేయండి. ఆటోప్లే ఆపండి. డీటీపీ వాళ్లకు వైరస్ నెట్ కన్నా ముందు కస్టమర్ల పెన్‌డ్రైవ్‌లలోనే వస్తుంది. కాబట్టి వాళ్లు తెచ్చినదైనా, వాట్సాప్‌లో వచ్చిన ఫొటో అయినా మొదట కొత్త యంత్రంలో స్కాన్ కావాలి, అక్కడి నుంచి మీ సొంత పెన్‌డ్రైవ్‌లోనే పాతదానికి చేరాలి. వీటన్నిటికన్నా ముందు మొత్తం డిస్కుకు ఒక ఇమేజ్ (ఉన్నదున్నట్టు పూర్తి నకలు) తీసి బయటి హార్డ్‌డిస్కులో పెట్టుకోండి. అంత పాత యంత్రంలో హార్డ్‌డిస్కు ఇంకా తిరిగే రకానిదే అయితే, అదే ఇమేజ్‌ను ఎస్‌ఎస్‌డీకి ఎక్కించి వాడుకోవచ్చు.

కొత్త ల్యాప్‌టాప్ కొంటే ఒక్క జాగ్రత్త. ఇప్పటి విండోస్ 11లో మైక్రోసాఫ్ట్ ఖాతాతో సైన్ ఇన్ కాగానే చాలా యంత్రాల్లో డిస్కు ఎన్‌క్రిప్షన్, అంటే డిస్కులోని సమాచారానికి తాళం పడడం, దానంతటదే మొదలవుతుంది. ఆ తాళం తీసే రికవరీ కీ ఆ ఖాతాలో భద్రమవుతుంది. మన దగ్గర దుకాణంలోని కుర్రవాడు పని త్వరగా తెమిలిపోవాలని తన మెయిల్ ఐడీతోనే సెటప్ ముగించి ఇవ్వడం మామూలు. రేపెప్పుడైనా యంత్రం రికవరీ కీ అడిగితే అది అతని ఖాతాలో ఉంటుంది, అప్పటికి అతను ఏ ఊళ్లో ఉంటాడో! మీ ఖాతాతో మీరే సెటప్ చేసుకోండి. కొత్త రూపం, మధ్యకు జరిగిన స్టార్ట్ మెనూ గురించి జనం చాలా ఫిర్యాదు చేస్తారు గానీ అవి కొద్ది రోజుల్లో అలవాటైపోతాయి.

కొత్త యంత్రంలో కొత్త పనులను యూనికోడ్‌లో మొదలుపెట్టండని కూడా చెబుతాను. ఇన్‌డిజైన్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకుంటే తెలుగు సరిగానే కూర్చుంటుంది. ఉచితంగా కావాలంటే స్క్రైబస్ 1.6 ఉంది. ఇందులో అసలు కష్టం వేళ్లది. విండోస్ తనతో ఇచ్చేవి ఇన్‌స్క్రిప్ట్, ఫొనెటిక్ కీబోర్డులు. మనలో చాలామంది చేతులు యాపిల్ అనే పాత తెలుగు కీబోర్డు అమరికకు అలవాటు పడి ఉన్నాయి. పాత ఫైళ్లను మాత్రం కన్వర్టర్లతో గంపగుత్తగా మార్చకండి. పునర్ముద్రణకు వచ్చిన పుస్తకాన్ని వచ్చినప్పుడు మార్చి, ప్రూఫు దిద్దించుకుంటే చాలు.

మీ యంత్రం ఎనిమిదో తరానిదై, డాంగిల్ వంటి గొడవలేవీ లేకపోయి ఉంటే నా సమాధానం వేరుగా ఉండేది: ఇమేజ్ తీసుకుని అప్‌గ్రేడ్ చేయమనేవాణ్ణి. ఇది చదివేవారిలో ఎవరి పరిస్థితి అదైనా, అప్‌గ్రేడ్ తరువాత పాత విండోస్‌కు తిరిగి వెళ్లే వీలు 10 రోజులే ఉంటుందని గమనించాలి. చోటు కోసం డిస్కు క్లీనప్‌లో పాత విండోస్ ఫోల్డరును తుడిచేస్తే ఆ వీలు అంతకన్నా ముందే పోతుంది. పెళ్లిళ్ల సీజన్ లేని వారం చూసుకుని మొదలుపెట్టి, పైన చెప్పిన పరీక్ష పేజీని మీ ప్రింటర్ మీదా, మీరు పీడీఎఫ్ పంపే ప్రెస్సులోనూ ఆ 10 రోజుల లోపలే తీయించండి.