ముందు ఖననాల పేజీలు చూడు, బుజ్జీ

చిరంజీవి బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

పాప మొదటి పుట్టినరోజుకల్లా అల్లుడి వాళ్ల నార్వే ముత్తాతల వంశవృక్షం గీసి గోడకి తగిలిస్తావటగా, మీ అమ్మ ఫోన్లో చెప్పింది. అటువైపు పెద్దల మీద నీకింత శ్రద్ధ ఉన్నందుకు గర్వంగానే ఉంది. భయమేసింది మాత్రం ఆ ‘కల్లా’ అన్న మాటకి. నేనూ అలాగే గడువు పెట్టుకుని మునిగాను.

డబ్బు కట్టే సైట్ల జోలికి పోకు. నార్వే జాతీయ ఆర్కైవ్స్ వాళ్ల డిజిటల్‌ఆర్కివెట్‌లో పాత చర్చి రిజిస్టర్లు, 1865, 1900 జనాభా లెక్కలు అన్నీ ఉచితమే. కానీ ముందు అమెరికాలో వెతుకు. ముత్తాత వెళ్లిన లూథరన్ చర్చి పుస్తకంలో ఆయన పుట్టిన ఊరు రాసి ఉండొచ్చు. ఊరు తెలియకుండా నార్వేలో దిగడమంటే గోదావరి జిల్లాల్లో సుబ్బారావు ఇల్లెక్కడని అడగడమే.

ఓలే కొడుకు ఓల్సెన్, కూతురు ఓల్స్‌డాటర్. వెనక వచ్చేది వాళ్లుంటున్న కమతం పేరు. మన ఇంటిపేరు ఊరు వదిలినా వదలదు, వాళ్లది కమతం మారితే మారిపోయేది. మారని ఇంటిపేరు ఉండాలని చట్టం 1923లో గానీ రాలేదు. పాత పుస్తకాల్లో తేదీ బదులు ‘ట్రినిటీ తర్వాత నాలుగో ఆదివారం’ అని చర్చి పండగల లెక్కలో ఉంటుంది, మా నాయనమ్మ ‘అట్లతద్ది ముందురోజు పుట్టావే’ అన్నట్టు. గోతిక్ రాత చూసి టెన్షన్ పడకు, కన్ను అలవాటు పడుతుంది.

ఇక నా సంగతి. అప్పుడు మీ పెదనాన్నకి కీమో నడుస్తోంది. నార్వే నుంచి అమెరికాలోని మిన్నెసోటాకి వలస వచ్చిన వాళ్ల ముత్తాత ఓలే ఓల్సెన్ హౌగెన్, 1850లో గుడ్‌బ్రాండ్స్‌డాలెన్ లోయలో పుట్టాడని మాత్రం తెలుసు. ఓ రాత్రి రెండింటికి బాప్తిస్మాల పేజీలో ఆ పేరూ, ఆ ఏడూ కనపడ్డాయి. ఆయన్ని నిద్రలేపి మరీ చూపించాను. ఆ వేసవిలో ఇద్దరం ఆ కమతం చూడ్డానికి వెళ్లాం. గడ్డి కోసిన వాలు, ఓ మూల కూలిన పశువుల కొట్టం. గోడలోంచి ఊడిన చిన్న రాయి ఒకటి తీసి జేబులో వేసుకున్నారు, అటు తిరిగి కళ్లు తుడుచుకున్నారు.

హౌగెన్ అంటే గుట్ట. ఆ లోయ నిండా గుట్టలే, హౌగెన్‌లే! తిరిగొచ్చాక ఇంకెవరికోసమో అదే రిజిస్టర్లో ఖననాల పేజీలు తిప్పుతుంటే మా ఓలే కనపడ్డాడు. అదే కమతం, అదే తండ్రి. వయసు 4 ఏళ్లు. చనిపోయిన పసివాణ్ణి ఓడెక్కించి మిన్నెసోటా పంపాను బుజ్జీ నేను.

ఆయనకి చెప్పడానికి మూడు వారాలు పట్టింది. విని చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, “పోనీలే, ఆ పిల్లాడి కోసం ఇన్నేళ్లకి ఎవరో ఒకరు వచ్చారుగా” అన్నారు. అసలు ఓలే దొరికేసరికి ఆయన లేరు. రాయి ఇంకా వంటింటి కిటికీలోనే ఉంది, తీయబుద్ధి కాలేదు.

కాబట్టి బాప్తిస్మం దొరకగానే చంకలు గుద్దుకోకు. ముందు ఖననాలు చూడు. పిల్లాడు పోతే తర్వాత పుట్టినవాడికి అదే పేరు పెట్టడమూ ఉంది, జాగ్రత్త. తర్వాత పదిహేనేళ్ల ప్రాంతంలో జరిగే కన్ఫర్మేషన్, అంటే పిల్లలు తమ విశ్వాసాన్ని చర్చిలో ఒప్పుకునే వేడుక, దాని జాబితా చూడు. పుట్టినతేదీ, తల్లిదండ్రులు, మశూచి టీకా వేయించారా లేదా, అన్నీ అక్కడ దొరుకుతాయి. ఆపైన ఊరు విడిచినవాళ్ల జాబితా. బాప్తిస్మానికి సాక్షులుగా నిలబడ్డవాళ్ల పేర్లూ రాసుకో, చాలాసార్లు చుట్టాలే అయ్యుంటారు.

రాత్రిళ్లు కూర్చున్నావని తెలిస్తే ఊరుకోను. పసిపిల్ల తల్లివి, అది పడుకున్నప్పుడు నువ్వూ పడుకో. వంశవృక్షం రెండో పుట్టినరోజుకి తగిలించినా ఎవరూ ఏమీ అనరు.

అల్లుడి నాయనమ్మ దగ్గర పాత నార్వే బైబిల్ ఉందటగా. అట్ట లోపలి పేజీ ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టు. పగటి వెలుతురులో తియ్యి, ఫ్లాష్ వద్దు.

మీ పెద్దమ్మ