సెక్షన్ 8 ఇంట్లో ఇన్‌స్పెక్షన్ ఫెయిలై, హౌసింగ్ అథారిటీ వాటా ఆగిపోతే

సెక్షన్ 8 అంటే అమెరికాలో తక్కువ ఆదాయం ఉన్నవాళ్ల అద్దెలో కొంత వాటాను ప్రభుత్వ హౌసింగ్ అథారిటీ నేరుగా ఇంటి యజమానికి కట్టే పథకం. యజమానిగా మీరు, ఆగిన ఆ వాటాను అద్దెకున్నవాళ్ల దగ్గర వసూలు చేయొచ్చా అన్నారు. కుదరదండీ. అథారిటీ వాటాకు వాళ్లు బాధ్యులు కారు. అది రాలేదని ఖాళీ చేయించనూ కూడదు. వాళ్ల వాటా మాత్రం ఎప్పటిలాగే తీసుకోండి. దానికి మించి చేతిలో విడిగా తీసుకునే ప్రతి డాలరూ ఒప్పంద ఉల్లంఘనే, దాంతో మిమ్మల్ని ప్రోగ్రాం నుంచే తీసేయొచ్చు.

ఇప్పుడు తొందరపడాల్సింది రిపేరు విషయంలో. ప్రాణాపాయం ఉన్న లోపాలకు 24 గంటలు, మిగతావాటికి సాధారణంగా 30 రోజులు గడువు. గడువు దాటాక అబేట్‌మెంట్‌లో (రిపేరు అయ్యేదాకా అథారిటీ తన వాటా ఆపేయడంలో) పోయిన సొమ్ము రిపేరు చేశాక కూడా వెనక్కి రాదు. అందుకే పని అయిన రోజే ఫొటోలు పంపి రీఇన్‌స్పెక్షన్ అడగండి. పార్టులు ఆలస్యమైతే గడువు ముగియకముందే పొడిగింపు కోరుతూ ఈమెయిల్ పెట్టండి, ఫోన్ మాట నిలవదు.

ఈసారి ఇన్‌స్పెక్టర్ రాకముందే మీరే చూసుకోండి: స్మోక్ అలారం మోగుతుందా, సింకు దగ్గరి జీఎఫ్‌సీఐ (షాక్ కొట్టకుండా కరెంటు కట్ చేసే ప్లగ్ పాయింట్) టెస్ట్ బటన్ నొక్కితే ట్రిప్ అవుతుందా, వాటర్ హీటర్ రిలీఫ్ వాల్వ్‌కి కింది దాకా పైపు ఉందా, కిటికీ గొళ్లెం పడుతుందా. ఇల్లు 1978కి ముందుదై, ఆరేళ్లలోపు పిల్లలుంటే ఊడుతున్న పెయింటును తేలిగ్గా తీసుకోకండి. సీసం నిబంధనలు వర్తిస్తాయి, మామూలుగా గీకి రంగేస్తే సరిపోదు.

లోపం అద్దెవాళ్లు పాడుచేసిందైతే ఆ సంగతి వెంటనే ఫొటోలతో అథారిటీకి రాయండి. మామూలు అరుగుదలను వాళ్ల మీద వేస్తే నిలవదు. డిపాజిట్ తీసుకున్నప్పటి మూవ్-ఇన్ ఫొటోలు ఇక్కడే పనికొస్తాయి.