డ్యూటీ దిగే ముందు గంట

చెల్లెమ్మా, నైట్ డ్యూటీ అయిపోయే వేళకి వార్డంతా ఒకేసారి పిలుస్తుందని, మొన్న ఒక పెద్దాయన మీద విసుక్కుని ఇంటికెళ్లి ఏడ్చానని రాశావు. నెల్లూరులో 12 ఏళ్లుగా నేనూ ఈ నర్సు పనిలోనే ఉన్నాను, ఆ ఏడుపు నాకు తెలుసు.

వాళ్లు కావాలని చేయరమ్మా. ఉదయగిరి, ఆత్మకూరు వైపు పల్లెల నుంచి వచ్చినవాళ్లకి రాత్రంతా చూసిన మనిషి వెళ్లిపోతోందంటే టెన్షన్. కొత్త సిస్టర్‌కి అంతా మళ్లీ మొదట్నుంచి చెప్పుకోవాలి కదా.

6 గంటలకే ఒక రౌండు వెయ్యి. నొప్పి ఉందా, బాత్రూముకి వెళ్లాలా అని వాళ్లు పిలవకముందే నువ్వే అడుగు. సెలైన్ కూడా చూడు. మిల్లీలీటరుకి 20 చుక్కలు పడే సెలైన్ గొట్టం సెట్‌లో నిమిషానికి 42 చుక్కలు పోతుంటే 500 మి.లీ. సీసా 4 గంటలొస్తుంది. 6కి సీసా సగం ఉందంటే సరిగ్గా 8కి, నువ్వు డ్యూటీ అప్పగించేటప్పుడే అయిపోతుంది. తర్వాతి సీసా ముందే దగ్గర పెట్టుకో.

వచ్చిన సిస్టర్‌ని మంచం దగ్గరికే తీసుకెళ్లి, "ఇక ఈమె చూసుకుంటారు" అని పేషెంటుకి చెప్పు. నాకు అన్నిటికంటే ఇదే పనిచేసింది.

ఆ పెద్దాయన ఇంకా వార్డులోనే ఉంటే, ఈ రాత్రి వెళ్లగానే ముందు ఆయన్ని పలకరించు.