అన్నం ఏ నీళ్లలో ఉడికిందో అడుగు

చిరంజీవి శ్రీకాంత్‌కు,

అత్త ఆశీస్సులు. నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసినప్పుడు చెప్పాడు, వచ్చే శనివారం మీ అత్తమామల్ని శాక్రమెంటోలో కొత్తగా తెరిచిన అఫ్గాన్ రెస్టారెంటుకి తీసుకెళ్తున్నావట. వినగానే నాకెంత గర్వంగా అనిపించిందో. అమెరికా వచ్చిన పెద్దవాళ్లని మనవాళ్లందరూ ఆ బిర్యానీ హోటళ్లకే తిప్పుతారు. నువ్వు వాళ్లకి కొత్త వంట రుచి చూపించాలనుకున్నావు. నీకా బుద్ధి పుట్టినందుకు మీ మామయ్య ఉంటే ఎంత మురిసిపోయేవాడో!

ఫోన్ పెట్టేశాక మాత్రం టెన్షన్ పట్టుకుంది. మీ మామగారు నీచు ముట్టరు. మీ అత్తగారు తింటారు గానీ శనివారం తినరు. ఈ రెండూ పెళ్లికి ముందే మాకు చెప్పారు, నీకూ తెలుసు. తెలిసి కూడా శనివారమే ఎందుకు పెట్టుకున్నావురా? సెలవని పెట్టుకుని ఉంటావు. ఆదివారం కూడా సెలవే కదా. వెంటనే మార్చు.

టేబుల్ ముందే బుక్ చెయ్యి. కొన్నిచోట్ల కింద పరుపులూ దిండ్లూ వేసి, మధ్యలో దస్తర్‌ఖాన్, అంటే భోజనాల గుడ్డ, పరిచి కూర్చోబెడతారు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది గానీ మీ అత్తగారి మోకాళ్లకి అది కుదరదు. కుర్చీలున్న టేబులే అడుగు. ఒక ప్లేటు ఇద్దరికి సరిపోతుంది, మనిషికొకటి చెప్పకు. బీరు అడగొద్దు, చాలాచోట్ల ఉండదు.

తెరిచి నెల కూడా కాలేదంటున్నావు కాబట్టి ఇంకో మాట. కొత్త హోటల్లో వంటింటికీ వడ్డించేవాళ్లకీ ఇంకా పొత్తు కుదరదు. కార్డులో రాసింది లోపల ఉండదు, లోపల వండేది ఇంకోలా ఉంటుంది. ఫోన్లో స్టార్లు చూసి పెద్దవాళ్లని తీసుకెళ్లడం కాదు. ఈలోపు మామూలు రోజు చూసుకుని నువ్వూ అమ్మాయీ వెళ్లి ఒకసారి తిని రండి. వెళ్లలేకపోతే కనీసం మధ్యాహ్నం మూడు, నాలుగు గంటల మధ్య ఫోన్ చెయ్యి. ఆ వేళకి రద్దీ తగ్గుతుంది, వండే మనిషితోనే మాట్లాడొచ్చు.

ఆ ఫోన్లో ఏం అడగాలో చెప్పేముందు నీకు మీ నానమ్మ సంగతి చెప్పాలి. మీ నాన్నకి సగమే తెలుసు.

1998లో అమ్మ నా దగ్గరికి ఫ్రీమాంట్ వచ్చింది. నువ్వప్పుడు బడిలో చేరావో లేదో. మా నాన్న పోయాక ఆవిడ కాశీ వెళ్లి, అక్కడ మాంసం వదిలేసి వచ్చింది. అంతకుముందు ఎంతో ఇష్టంగా తిన్న మనిషి. మా ఇంట్లో పండక్కి ఆవిడ చేసే కోడి పలావు కోసం చుట్టాలు బెజవాడ నుంచి వచ్చేవాళ్లు. అలాంటిది గంగ ఒడ్డున ఒక్క మాట అనుకుని వదిలేసింది. మళ్లీ దాని ఊసెత్తలేదు.

ఫ్రీమాంట్‌లో సెంటర్‌విల్ అనే పేట ఉంది కదా, లిటిల్ కాబూల్ అంటారు. 1979 డిసెంబరులో రష్యా సైన్యం కాబూల్లో దిగాక దేశం వదిలిన కుటుంబాలు చాలా ఇటే వచ్చి స్థిరపడ్డాయి. మేం ఇల్లు తీసుకునేసరికి ఆ వీధుల్లో వాళ్ల రొట్టెల దుకాణాలూ కబాబు హోటళ్లూ ఉండేవి. మీ మామయ్యకి అక్కడి కాబూలీ పలావంటే ప్రాణం. అత్తగారు వచ్చారు, ఆవిడకి ఆ అన్నం రుచి చూపించాలని ఒకటే తపన. నీకిప్పుడున్న తపనే.

వెళ్లాం. ఆయన వడ్డించే కుర్రాడితో "మా అత్తగారికి మాంసం లేకుండా పలావు తీసుకురా" అని చెప్పాడు. తెచ్చాడు. పొడుగు మెతుకులు, కొంచెం గోధుమరంగు, పైన సన్నగా తరిగి చక్కెరలో మగ్గించిన క్యారెట్, ఉబ్బిన కిస్మిస్‌లు, బాదం. ఒక్క ముక్క మాంసం లేదు. అమ్మ తింది. "ఏం నెయ్యి వేశారో గానీ భలే కమ్మగా ఉంది బాబూ" అని మళ్లీ కొంచెం వడ్డించుకుంది. బయట ఎక్కడికెళ్లినా మొహమాటంగా కెలికే మనిషి, అడిగి తింటుంటే మీ మామయ్య మొహం వెలిగిపోయింది.

అప్పుడు ఆ హోటల్ పెద్దావిడ మా టేబుల్ దగ్గరికి వచ్చింది. తల మీద ముసుగు, నవ్వు మొహం. హిందీ సినిమాలు చూసి నేర్చుకున్న హిందీ, వచ్చీరానట్టు మాట్లాడేది. అమ్మ సికింద్రాబాదులో కాపురం చేసిన మనిషి కదా, హిందీ బాగానే వచ్చు. నచ్చిందా అని ఆవిడ అడిగితే, ఎలా చేస్తారమ్మా అని అమ్మ అడిగింది. ఆవిడ సంబరంగా చెప్పడం మొదలుపెట్టింది. ఉల్లిపాయ ఎర్రగా వేయించి, గొర్రె మాంసం వేసి నెమ్మదిగా గంటలతరబడి ఉడికిస్తాం, ఆ రసమంతా వడగట్టి అందులోనే బియ్యం మగ్గిస్తాం, అందుకే అంత రుచి అని. నేనేమో అడ్డం పడబోయాను గానీ అప్పటికే మొత్తం చెప్పేసింది.

అమ్మ చెంచా పళ్లెంలో పెట్టింది. ఆవిడ వైపు చూసి నవ్వి, "బహుత్ అచ్ఛా హై బెహన్" అంది. ఆ తల్లి మనసు నొప్పించలేదు. మాతో కూడా ఏమీ అనలేదు. ఇంటికొచ్చి తలస్నానం చేసి, మర్నాడంతా మంచినీళ్ల మీద ఉంది. ఆ తర్వాత ఇండియా వెళ్లేదాకా బయట అన్నం ముట్టలేదు. ఎక్కడికైనా వెళ్దామంటే "ఇంట్లోనే తిందాం బాబూ" అనేది మెత్తగా. ఒక్కసారి కోప్పడి ఉంటే మీ మామయ్య తేలికపడేవాడేమో. ఆవిడ కోప్పడలేదు. అదే ఆయన్ని చివరిదాకా బాధపెట్టింది.

తప్పు ఎవరిదని చాలా రోజులు ఆలోచించాను. ఆ కుర్రాడు అబద్ధం చెప్పలేదు. మాంసం లేకుండా తెమ్మన్నారు, ముక్కలు లేకుండా తెచ్చాడు. అసలు కాబూలీ పలావు వడ్డించే పద్ధతే ఆ ముక్కల్ని అన్నం కింద దాచిపెట్టి, పైన క్యారెట్టూ కిస్మిస్సూ పరచడం. కింది ముక్కలు తీసేస్తే అది మాంసం లేని పళ్లెమే అతని లెక్కలో. మీ మామయ్య అడగాల్సిన ప్రశ్న అడగలేదు, అంతే.

కాబట్టి ఫోన్లో "ఇది వెజిటేరియనా" అని అడగొద్దు. "ఈ అన్నం ఏ నీళ్లలో ఉడికింది" అని అడుగు. మాంసం రసాన్ని వాళ్లు యఖ్నీ అంటారు, హైదరాబాదులో మనవాళ్లు అనే మాటే. "ఇందులో యఖ్నీ ఉందా" అంటే వంటవాడికి చప్పున అర్థమవుతుంది. వాళ్లలో చాలామందికి ఉర్దూ వస్తుంది, మొహమాటపడకుండా హిందీలో అడుగు. మీ మామగారికి చలావ్ చెప్పు. అది తెల్లన్నం, విడిగా వార్చి జీలకర్ర వేసి మగ్గిస్తారు. దాంట్లో కూడా ఏమీ కలపలేదని ఒక మాట కనుక్కో.

మిగతావి కూడా పేరు చూసి మోసపోకు. ఆషక్ అంటే లోపల గందనా ఆకు, ఉల్లికాడల్లాంటిది, పెట్టి ఉడికించిన పిండి మడతలు. ఆకు కదా అని చెప్పేస్తారు, తీరా వచ్చాక చూస్తే పైన కైమా పోసి ఉంటుంది. పైన కైమా వెయ్యొద్దని చెబితే పెరుగూ ఎండు పుదీనా వేసి ఇస్తారు. సబ్జీ పేరుతో వచ్చే పాలకూరలో కూడా ఒక్కోచోట మాంసం ఉంటుంది. బోలానీ మాత్రం మంచిది, లోపల కూర పెట్టి పెనం మీద కాల్చే రొట్టె, బంగాళాదుంపదో గుమ్మడికాయదో తీసుకో. పెనం వేరేనా అని అడుగు. మీ మామగారు అడగరు, కానీ మనసులో ఉంటుంది.

ఆయనకి తప్పకుండా నచ్చేది బోరానీ బాంజాన్. వంకాయ చక్రాలు వేయించి, టమాటాతో మగ్గించి, పైన వెల్లుల్లి కలిపిన గట్టి పెరుగు వేస్తారు. మన వంకాయ పెరుగు పచ్చడికి దగ్గర చుట్టం అనుకో. వేడి నాన్ తుంచి దాంతో తినమను. ఇదే గుమ్మడికాయతో కూడా చేస్తారు, తియ్యతియ్యగా ఉంటుంది. అయితే బోలానీ, నాన్ ముందొస్తాయి, మనవాళ్లు ఆకలి మీద వాటితోనే కడుపు నింపేసుకుంటారు. నువ్వు చూసుకుంటూ ఉండు.

మీ అత్తగారికి ఆదివారమైతే ఇబ్బంది లేదు. కానీ ఈ దేశంలో చదునుగా తట్టి వేయించే చప్లీ కబాబు, ఆవిరి మీద ఉడికించే పిండి మడతలు మంతూ లాంటివి చాలాచోట్ల బీఫ్ కైమాతో చేస్తారు. ఆవిడ కోసం కోడి కబాబు చెప్పు, లేదా గొర్రె మాంసం చోపాన్ కబాబు. అది కూడా గొర్రెదేనని అడిగి నిర్ధారించుకో. తిక్కా కబాబు ముక్కల మధ్య దుంబా కొవ్వు గుచ్చుతారు, తోక దగ్గర కొవ్వు పెరిగే గొర్రెలది. వాళ్లకి అది ప్రీతి. మీ అత్తగారికి కొలెస్ట్రాల్ ఉంది కాబట్టి అది పక్కన పెట్టించు.

కారం ఉండదని ముందే చెప్పు. చెప్పకపోతే "చప్పగా ఉంది" అన్న మాట వంటవాడికి వినపడేలా అనేస్తారు. కొత్తిమీర, పచ్చిమిర్చి, వెనిగర్ వేసి నూరిన పచ్చడి టేబుల్ మీదికి వస్తుంది. అది మీ అత్తగారి వైపు జరుపు.

వడ్డించేవాళ్ల విషయం. 2021 ఆగస్టులో కాబూల్ తాలిబాన్ల చేతికి వెళ్లాక మీ శాక్రమెంటో వైపు చాలా కుటుంబాలు వచ్చాయి. మీకు ప్లేటు తెచ్చిపెట్టే పిల్లవాడి తల్లి ఇంకా అక్కడే ఉండొచ్చు. మీ మామగారికి వార్తల పిచ్చి, నాకు తెలుసు. అక్కడ పరిస్థితి ఎలా ఉంది, మీరెలా బయటపడ్డారు అని టేబుల్ దగ్గరే మొదలుపెట్టకుండా కాస్త ముందే చెప్పు. ఏ ఊరని అడగొచ్చు. కాందహారంటే దానిమ్మ పళ్ల గురించి, హెరాత్ అంటే కుంకుమపువ్వు గురించి వాళ్లే ఇష్టంగా చెబుతారు. మా వీధి చివర ఉండే అఫ్గాన్ ఆవిడ నాకు ఇన్నేళ్లలో యుద్ధం గురించి చెప్పింది తక్కువ. వాళ్ల పెరట్లో ద్రాక్ష పందిరి గురించి మాత్రం పుట్టింటి సంగతి చెప్పినట్టు చెబుతుంది.

మీ మామగారికి మాట్లాడ్డానికి ఏదైనా కావాలంటే ఇంగువ సంగతి చెప్పు. మన పులిహోరలో, ఆవకాయలో పడే ఇంగువకి ముడిసరుకు ఎక్కువగా అఫ్గానిస్తాన్, ఇరాన్, ఉజ్బెకిస్తాన్‌ల నుంచే వస్తుంది. కొండల్లో పెరిగే మొక్క వేరుని కోసి, కారిన పాలని గడ్డ కట్టించి పంపుతారు. మన దేశంలో దాన్ని పండించే ప్రయత్నం హిమాచల్‌లోని లాహౌల్‌లో 2020లోనే మొదలైంది. అంటే నీచు ముట్టని మన వంటింట్లో తరతరాలుగా వాళ్ల కొండల సరుకు ఉంది. ఆయనకి ఈ మాట ఎంత నచ్చుతుందో చూడు.

చివర్లో యాలకులు వేసిన గ్రీన్ టీ వస్తుంది, తొందరపడి లేవకండి. టీ తాగేటప్పుడే పెద్దవాళ్లు మనసువిప్పి మాట్లాడతారు. ఫిర్నీ చెప్పు, పాలతో చేసిన తీపి, మీ మామగారు తినొచ్చు. బిల్లు దగ్గర ఆయన నీతో పోట్లాడతారు, కాబట్టి చెయ్యి కడుక్కునే నెపంతో ముందే లేచి కౌంటర్లో కట్టేసి రా. టిప్పు దగ్గర పిసినారితనం చూపకు.

ఒరేయ్, ఇన్ని చెప్పానని భయపడి మానేయకు. నీకు వాళ్లంటే ప్రేమ ఉంది, అది నాకు తెలుసు. మీ మామయ్యకి కూడా మీ నానమ్మంటే అంతే ప్రేమ ఉండేది. అందుకే ఇంత పెద్ద ఉత్తరం రాశాను. వీలైతే ఆ టేబుల్ దగ్గర నేనే ఉండి ఒక్కో గిన్నె అడిగి వడ్డించేదాన్ని. ఈ కళ్లతో రెండు గంటలు కారు నడపలేక ఆగాను.

గురువారంలోపు ఫోన్ చేసి వంటవాడు ఏమన్నాడో నాకు చెప్పు. చలావ్ విడిగా వండుతామంటే సరే. అలా కుదరదంటే మీ మామగారికి అన్నం జోలికి పోకుండా బోలానీ, బోరానీ, నాన్ చాలు. ఆదివారం మధ్యాహ్నానికి ఖాయం చెయ్యి, రాత్రి పూట మాంసం మీ అత్తగారికి అరగదు. అమ్మాయికి నా ముద్దులు.

మీ అత్త
ఫ్రీమాంట్