చలికాలంలో యూరప్ చుట్టాలిళ్ళకి వెళ్తున్నారా, పెద్ద మకాం ఎక్కడో ముందు తేల్చుకోండి

ప్రశ్న: నమస్కారమండి. మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరండి, ఈ మధ్యే ఉద్యోగంలో చేరాను. డిసెంబర్‌లో యూరప్ వెళ్దామనుకుంటున్నాను. బాబాయి వాళ్ళు ఫ్రాంక్‌ఫర్ట్‌లో, మావయ్య గారమ్మాయి ఆమ్‌స్టర్‌డ్యామ్‌లో, పెద్దమ్మ కొడుకు అన్నయ్య డబ్లిన్‌లో ఉంటారు, అందరూ మా ఇంటికే ముందు రా అంటున్నారు. మధ్యలో ప్యారిస్, రోమ్, ప్రాగ్ కూడా చూసేసి కనుమ నాటికి జగ్గన్నతోట తీర్థానికి వచ్చేయాలి. వీసా ఏ దేశానికి పెట్టాలండి? సామాన్లో ఏం పట్టుకెళ్ళొచ్చు?

జవాబు: బాబూ, ముందు ఎవరింట్లో ఎక్కువ రోజులు ఉంటావో తేల్చుకో, మిగతావన్నీ దాన్నిబట్టే నడుస్తాయి. షెంగెన్ వీసా, అంటే యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చే ఒకే వీసా, ఎక్కువ రోజులుండే దేశానికే పెట్టాలి, అన్నిచోట్లా సమానంగా ఉంటే మొదట దిగే దేశానికి. బాబాయి గారింట్లో మకాం అయితే జర్మనీకి పెట్టు, ఖర్చులు ఆయన భరిస్తానంటే అక్కడి విదేశీయుల ఆఫీసులో సంతకం చేసి హామీ పత్రం తీసుకోవాలి, అది ఆయన్ని ఇప్పుడే మొదలెట్టమను. అప్లికేషన్ ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు, కనీసం 15 రోజుల ముందైనా పెట్టాలి, కానీ చివరిదాకా ఆగొద్దు, అపాయింట్‌మెంట్ దొరకడమే కష్టం. ఫీజు 90 యూరోలు, ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకి ఉండాలి.

డబ్లిన్ సంగతి వేరు. ఐర్లాండ్ షెంగెన్‌లో లేదు, దానికి విడిగా వీసా తీసుకోవాలి, పైగా అన్నయ్యని చూసి మళ్ళీ ఫ్రాంక్‌ఫర్ట్ వచ్చి అక్కణ్ణించి బయల్దేరాలంటే షెంగెన్ వీసా మల్టిపుల్ ఎంట్రీ, అంటే బయటికెళ్ళి మళ్ళీ లోపలికి రానిచ్చేది, అయ్యుండాలి. ఈసారికి డబ్లిన్ వదిలేయమనే నా సలహా, అన్నయ్య నొచ్చుకుంటే ఆయన్నే క్రిస్మస్ సెలవులకి బాబాయి గారింటికి రమ్మను, ఆ ఇల్లు కళకళలాడుతుంది.

రోమ్, ప్రాగ్ కూడా తీసేయ్ బాబూ. డిసెంబర్‌లో యూరప్‌లో పగలు చిన్నది, ఫ్రాంక్‌ఫర్ట్ వైపైతే ఉదయం 8 దాటితే గానీ తెల్లారదు, సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడిపోతుంది, ఊరికో రోజు చొప్పున తిరిగితే నువ్వు చూసేది రైల్వే స్టేషన్లే. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి ఆమ్‌స్టర్‌డ్యామ్‌కి, ప్యారిస్‌కి నేరుగా రైళ్ళున్నాయి, ఎటైనా సుమారు 4 గంటలు, ముందే కొంటే టికెట్ బాగా తక్కువకొస్తుంది. క్రిస్మస్ బజార్లు చూడాలనుంటే 20వ తేదీ లోపు చూసెయ్, జర్మనీలో చాలావరకు పండగ ముందే ఎత్తేస్తారు, 25, 26 తేదీల్లో షాపులు మూసేస్తారు, ఆ రెండ్రోజులూ ఇంట్లోనే పిన్ని చేతి వంట తిని పిల్లలతో ఆడుకో, అసలు వెళ్ళేది వాళ్ళ కోసమే కదా.

మన ధనుర్మాసం మంచుకి వేసుకునే స్వెటర్ ఒక్కటీ అక్కడ చాలదు. ఒంటికి అతుక్కునే థర్మల్స్, దాని మీద ఉన్ని స్వెటర్, ఆపైన గాలీ వానా ఆపే జాకెట్ వేసుకోవాలి, బూట్లు మాత్రం నీళ్ళు దిగనివి కొను, తడిసిన కాళ్ళతో ఆ చలిలో తిరగలేవు.

ఇక సామాను. నెయ్యి, పాలకోవా, కోడి పచ్చడి, మాంసం పచ్చడి తీసుకెళ్ళనివ్వరు, బయటి దేశాల నుంచి వచ్చేవాళ్ళ సామాన్లో మాంసం, పాల పదార్థాలు నిషేధం. కరివేపాకూ వద్దు, ఆకులకీ పళ్ళకీ చీడపీడలు లేవని మొక్కల ఆరోగ్య సర్టిఫికెట్ అడుగుతారు. కానీ మన కోనసీమ పంటలు రెండింటికి మినహాయింపుంది, కొబ్బరికాయలకీ అరటిపళ్ళకీ ఆ సర్టిఫికెట్ అడగరు. ఎండు కొబ్బరి మాత్రం పెట్టకు, నూనెకి నిప్పంటుకుంటుందని విమానాల్లో ఎక్కనివ్వరు. ఆవకాయ మూత టేపేసి, రెండు కవర్లు చుట్టి చెకిన్ బ్యాగ్‌లో సర్దమను మీ అమ్మగారిని.