ఆ ఏడాది నాతో ఉండిపోయిన ఆల్బమ్‌లు

ప్రశ్న: 2022లో వచ్చిన తెలుగు సినిమా ఆల్బమ్‌లలో మీకు బాగా నచ్చినవి ఏవి? ఎందుకు? – ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మొదటి స్థానం, ఏ సందేహమూ లేకుండా, విశాల్ చంద్రశేఖర్ స్వరపరచిన ‘సీతారామం’ ఆల్బమ్‌కే ఇస్తాను. ‘కానున్న కల్యాణం’ పాటను రాసిన సిరివెన్నెల సీతారామశాస్త్రి గారు 2021 నవంబరు 30న కన్నుమూశారు. ఆ సినిమా మరుసటి ఆగస్టులో విడుదలైంది కాబట్టి, ఆయన లేని లోకంలో ఆయన మాటలను కొత్తగా వినవలసి వచ్చింది. ప్రశ్నా సమాధానాలుగా సాగే ఆ పల్లవిని అనురాగ్ కులకర్ణి, సిందూరి ఎంత నింపాదిగా పాడారంటే, ప్రతి అక్షరమూ చెవికి విడిగా అందుతుంది. వాద్యాలు సాహిత్యానికి దారి ఇచ్చి పక్కకు తప్పుకోవడం ఈ రోజుల్లో అరుదు. అదే ఆల్బమ్‌లో ఎస్.పి. చరణ్ పాడిన ‘ఇంతందం’ వింటున్నప్పుడు తండ్రి బాలసుబ్రహ్మణ్యం గారి గొంతు గుర్తుకు వచ్చి నాకు కళ్లు చెమర్చాయి.

కీరవాణి గారి ‘ఆర్ఆర్ఆర్’ ఆల్బమ్ అనగానే అందరికీ ‘నాటు నాటు’ గుర్తుకు వస్తుంది; 2023 మార్చిలో ఆస్కార్ అందుకున్న పాట అది. నేను మాత్రం సుద్దాల అశోక్ తేజ గారు రాయగా కాలభైరవ పాడిన ‘కొమురం భీముడో’ దగ్గరే ఆగిపోతాను. కొరడా దెబ్బల నడుమ పుట్టే ఆ పాటలో ‘ఓ’ అనే సంబోధన జానపదుల పిలుపులా సాగి, వేదనను ధైర్యంగా మారుస్తుంది.

వివేక్ సాగర్ ‘అంటే సుందరానికీ’ కూడా వినండి.