ఎండు కట్టె, ఇరుగుపొరుగు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

చలి మొదలైతే కట్టెల పొయ్యి ఉన్న ఇళ్ల నుంచి ఉత్తరాలు పెరుగుతాయి. ఈసారి వచ్చిన వాటిలో సగానికి పైగా ఒకే సంగతి: కష్టపడి కొట్టి ఎండబెట్టుకున్న కట్టెల మీద పక్కవాళ్ల చెయ్యి పడుతోంది, కాదనలేకపోతున్నాం, ఏం చెయ్యాలి?

ప్రశ్న: చేను గట్టున మొలిచిన చిల్లచెట్లు (సర్కారు తుమ్మ) వేసవిలో నేనూ మా ఆయనా నరికి, ముళ్లు దులిపి, చీల్చి, ఎండబెట్టి దొంతర పేర్చుకున్నాం. కార్తీకం వచ్చిన దగ్గర్నుంచి పక్కింటి అత్తా, ఎదురింటి వదినా నీళ్లు కాగబెట్టుకోవడానికి “నాలుగు పుల్లలు తీసుకుంటానమ్మా” అని రోజూ వస్తున్నారు. కాదంటే మొహం మాడ్చుకుంటారు. ఇస్తే సంక్రాంతికల్లా దొంతర నేలకు దిగేట్టుంది. ఎట్లా చెప్పాలి? (ప్రకాశం జిల్లా పాఠకురాలు)

జవాబు: ముందు ఆ నాలుగు పుల్లల లెక్క తేల్చుకోండి. ఎండిన చిల్లకట్టె మణికట్టు లావున, మూరెడు పొడవున ఉంటే ఒక్కోటి ముప్పావు కిలో తూగుతుంది. నాలుగంటే మూడు కిలోలు. నెలకు 90 కిలోలు. కార్తీకం, మార్గశిరం, పుష్యం కలిపి 270 కిలోలు. నెత్తిన మోసే మోపు పాతిక ముప్పై కిలోలనుకుంటే ఒక్క ఇంటికే తొమ్మిది పది మోపులు. రెండిళ్లకు ఇరవై. అడిగేవాళ్లకు ఇది తెలియదు, వాళ్ల కంటికి కనపడేది నాలుగు పుల్లలే. చాలాసార్లు మీకూ తెలియదు. అందుకే ఇచ్చేటప్పుడు నోరు రాదు, అయిపోయాక కోపం వస్తుంది.

ఇప్పుడు మీ అవసరం చూడండి. నలుగురున్న ఇంట్లో వంటకీ నీళ్లకీ కలిపి రోజుకు అయిదారు కిలోలు పోతుంది. కార్తీకం నుంచి చైత్రం దాకా ఆరు నెలలకు సుమారు 1,000 కిలోలు. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల ఎత్తు, అడుగున్నర వెడల్పున బిగువుగా పేర్చిన ఎండు చిల్లకట్టె దొంతర సుమారు అర టన్ను ఉంటుంది. అంటే అలాంటివి రెండు మీ ఇంటికే కావాలి. రెండు దాటి ఎంతుందో అదే మీరు పంచగలిగింది. రెండుకు తక్కువుంటే పంచడానికి ఏమీ లేనట్టే.

ఆ మిగులును దొంతర నుంచి వేరుచేసి, వాకిట్లో ఒక పక్కన చిన్న కుప్పగా పెట్టండి. అన్నిటికన్నా పనిచేసేది ఇదే. మనుషులు పెద్ద దొంతర ముందు నిలబడి అడిగినప్పుడు “ఇంతుండి ఇవ్వదా” అనిపిస్తుంది. చిన్న కుప్ప ముందు అడిగితే దాని కొలత వాళ్లకే కనపడుతుంది. “అత్తా, ఇది నీకు పెట్టాను, వారానికోసారి వచ్చి మోపు తీసుకెళ్లు. లోపలిది మా ఇంటి లెక్క, దాన్లోంచి ఇవ్వలేను” అంటే చాలు. రోజూ నాలుగు పుల్లల కన్నా వారానికి ఒక మోపు నయం. మోపు కళ్లముందు కడతారు, కట్టిన దానికి లెక్క ఉంటుంది.

ఇద్దరికీ ఒకే మాట చెప్పొద్దు. అత్త వయసుడిగిన మనిషి, ఒంటరిగా ఉంటే ఆమెకు బదులు అడగకండి. వదిన ఒంట్లో సత్తువున్న మనిషైతే ఆమెతో నేరుగా మాట్లాడండి: “వచ్చే మాఘంలో మళ్లీ కొట్టుకుంటున్నాం, ఒక పూట మాతో రా వదినా. కంప లాగి, ముళ్లు దులిపితే పూటకు రెండు మోపులు నీవి.” పూట పనికి ఎన్ని మోపులన్నది పని మొదలుపెట్టకముందే తేల్చుకోండి. తర్వాత తేల్చుకుందాం అనుకున్న చోటే మాట మాట పెరుగుతుంది.

ఇంకొకటి. మూడు రాళ్ల పొయ్యి మీద 20 లీటర్ల నీళ్లు స్నానానికి కాగడానికి కిలో ఎండు కట్టె సరిపోవాలి. రోజూ మూడు కిలోలు అడుగుతున్నారంటే చాలా వేడి గాలికే పోతోంది. కాగుకు మూత పెట్టమనండి. పొయ్యిలో పేరుకున్న బూడిద తోడెయ్యమనండి, గాలి ఆడక కట్టె పొగచూరి మాడుతుంది. అడుగు లావు మొద్దును అలాగే దూర్చకుండా బొటనవేలు లావున చీల్చి, రెండు మూడే పెట్టి, కాలేకొద్దీ లోపలికి జరపమనండి. ఈ మూడూ పాటిస్తే అవసరమే సగానికి దిగొచ్చు. కట్టె ఇవ్వడం కన్నా ఈ మాట చెప్పడమే పెద్ద సాయమని మా నమ్మకం.

ప్రశ్న: మేం లేనప్పుడు కట్టెలు తీసుకెళ్తున్నారని అనుమానం. ఎవరినీ అడగలేం. దొంతర తగ్గిందో లేదో కచ్చితంగా ఎలా తెలుస్తుంది? (పల్నాడు)

జవాబు: దొంతర ముందువైపు కట్టెల కొసల మీదుగా కింద ఎడమ మూల నుంచి పైన కుడి మూలకు సున్నంతో ఒక ఏటవాలు గీత గీయండి. నాలుగు కట్టెలు లాగినా, తిరిగి పేర్చినా గీత తెగుతుంది. అడ్డంగా గీస్తే లాభం లేదు, పై వరసలు తీసినప్పుడు తేడా తెలియదు. మీరు వాడేటప్పుడు ఒక చివర నుంచి పైనుంచి కిందికి నిలువుగా దించుకుంటూ రండి. అప్పుడు గీత ఎక్కడి దాకా ఉండాలో మీకు తెలుస్తుంది.

పేర్చడంలోనే సగం కాపలా ఉంది. ఇటుకల మీదో రాళ్ల మీదో జానెడు ఎత్తు లేపి పేర్చండి, చెదలు పట్టవు. గోడకు ఆనించకుండా మూరెడు సందు వదలండి. గాలి ఆడుతుంది, తేళ్లు, జెర్రులు, పాములు గోడ సందున చేరవు, చేరినా కనపడతాయి. పైన మాత్రమే తాటాకో రేకో కప్పి పక్కలు తెరిచి ఉంచండి. చుట్టూ పట్టా కప్పి కట్టేస్తే లోపల తేమ నిలిచి బూజు పడుతుంది. పొయ్యికీ, పూరి కప్పుకీ దూరంగా ఉండాలి. చీకట్లో దొంతరలో చెయ్యి పెట్టొద్దని పక్కింటి పిల్లలకు కూడా చెప్పండి. మీ దొంతరలో తేలు కుట్టిన పిల్లకు ఎవరి కట్టె అన్నది గుర్తుండదు.

ప్రశ్న: పక్కింటివాళ్లు ఇంట్లో శుభకార్యానికి రెండు బస్తాల ఎండు సరుగుడు చేబదులు తీసుకున్నారు. నెల తర్వాత రెండు బస్తాలే తెచ్చి వేశారు, కానీ పచ్చివి. మండవు, పొగే. అడిగితే “తూకానికి తూకం ఇచ్చాం కదా” అంటున్నారు. మేం తప్పా? (నెల్లూరు జిల్లా)

జవాబు: మీరు తప్పు కాదు. తూకం సరిపోయినా సరుకు సరిపోలేదు.

కొట్టిన రోజున కట్టె బరువులో జాతిని బట్టి మూడోవంతు నుంచి సగం దాకా నీళ్లే ఉంటాయి. 100 కిలోల పచ్చి కట్టెలో 45 కిలోలు నీళ్లనుకోండి. అది పొయ్యికి పనికొచ్చేంత ఎండితే, అంటే తేమ 15 శాతానికి దిగితే, మిగిలేది 65 కిలోలు. 65 ఇచ్చి 65 పచ్చివి తీసుకుంటే ఎండాక మీ చేతికొచ్చేది 42. ఇందులో ఎండబెట్టిన నెలల లెక్క ఇంకా వేయలేదు. పచ్చి కట్టె అలాగే పొయ్యిలో పెడితే ముందు ఆ నీళ్లు ఆవిరి కావడానికే మంట ఖర్చవుతుంది. గిన్నెలు మసి బారతాయి, వండే మనిషి కళ్లూ ఊపిరితిత్తులూ పాడవుతాయి.

అడితి దగ్గర కొనేటప్పుడూ ఇదే చూడాలి. కాటా మీద పచ్చి కట్టె కొంటే నీళ్లకు డబ్బు కట్టినట్టే. ఎండిందో లేదో తెలుసుకునే గుర్తులివి: కొసల్లో మధ్య నుంచి అంచుకు పగుళ్లు వస్తాయి. బెరడు గోటితో లేస్తుంది. రెండు కట్టెలు కొడితే ఖంగుమంటుంది, పచ్చిదైతే చప్పుడు మొద్దుగా ఉంటుంది. కచ్చితంగా కావాలంటే ఒకే కట్టెకు గుర్తు పెట్టి వారానికోసారి తూచండి. వరసగా రెండు వారాలు బరువు తగ్గకపోతే ఎండినట్టే.

ఇప్పుడు వాళ్లతో గొడవ పడకండి, లెక్క చెప్పండి. ఎండు కట్టెకు ఎండు కట్టే బదులు. పచ్చిదే ఇస్తామంటే ఒకటికి ఒకటిన్నర తూకం, అదీ చీల్చి ఇవ్వాలి. చీల్చడం పచ్చిగా ఉన్నప్పుడే సులువు, ఎండాక చింత మొద్దు, సరుగుడు మొద్దు గొడ్డలికి లొంగవు. వచ్చిన పచ్చి కట్టెను మీ ఎండు దొంతర మీద వెయ్యొద్దు, విడిగా పేర్చండి. చీల్చినదైతే మన మాఘ ఫాల్గుణాల ఎండకు పెట్టి చైత్రం దాటించండి, తొలకరికి ముందు నీడకు చేర్చండి.

శుభకార్యాలకు ఇచ్చేటప్పుడు తూచి ఇవ్వడం తప్పేమీ కాదు. గాడిపొయ్యి మీద వంట అంటే అనుకున్న దానికన్నా ఎక్కువే కాలుతుంది, చుట్టూ గాలికి పోయే వేడి అంత. మిగిలింది తిరిగి ఇస్తామంటారు, మిగలదు. చావు ఇంటికి అడిగితే మాత్రం తూకం, బదులు అనే మాటలు ఎత్తొద్దు. ఊళ్లలో ఇంటికో కట్టె ఇచ్చే ఆనవాయితీ ఉన్నచోట అది అప్పు కాదు.

ప్రశ్న: మా వేపచెట్టు కొమ్మ పక్కవాళ్ల దొడ్లోకి వంగింది. వాళ్లు కొట్టుకుని, కట్టె వాళ్లే పేర్చుకున్నారు. ఎవరిది? (కరీంనగర్)

జవాబు: తమ హద్దులోకి వచ్చిన కొమ్మను హద్దు దాకా కొట్టుకునే హక్కు వాళ్లకుంది. కొట్టిన కట్టె చెట్టు యజమానిది, మీదే. మొదలు సరిగ్గా హద్దు గీత మీద ఉంటే మాత్రం ఇద్దరిదీ. చెట్టునే కొట్టేయాలనుకుంటే, అది మీ పెరటి వేపైనా సరే, 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి అవసరమా అని ముందు అటవీ శాఖ కార్యాలయంలో కనుక్కోండి. పేర్చి పెట్టుకున్న కట్టెను అడగకుండా తీసుకెళ్తే అది దొంగతనమే. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 303వ సెక్షన్ కిందికి వస్తుంది. విలువ అయిదు వేల రూపాయల లోపు ఉండి, మొదటి తప్పయి, సొత్తు తిరిగి ఇచ్చేస్తే సమాజ సేవ శిక్షగా వేస్తారు. ఒక కొమ్మ కోసం ఠాణా దాకా వెళ్లమని మేం చెప్పం. కొట్టిన శ్రమ వాళ్లది కాబట్టి చిదుగులు, రెమ్మలు వాళ్లకు, లావు కట్టె మీకు అని పంచుకోండి. వచ్చేసారి కొమ్మ కొట్టకముందే ఈ మాట అనుకోండి.

ప్రశ్న: భోగికి ముందు రాత్రి కుర్రాళ్లు మా దొంతర సగం ఎత్తుకుపోయి మంటలో వేశారు. పాత నులక మంచం కూడా పోయింది. తిడితే పండగ పూట ఏంటని పెద్దవాళ్లే వాళ్ల వైపు మాట్లాడారు. (కోనసీమ)

జవాబు: గోదావరి జిల్లాల్లో భోగికీ, తెలంగాణలో కాముని పున్నమికీ పిల్లలు కట్టె దొంగిలించడం ఒక ఆటగా సాగుతోంది. ఆట అన్న మాట నిజమే, నష్టపోయిన ఇల్లు ఆడటం లేదన్న మాట కూడా నిజమే. ఆ పెద్దవాళ్లు మీ వైపు మాట్లాడాల్సింది.

వచ్చే ఏడాది భోగికి నాలుగు రోజుల ముందే ఆ కుర్రాళ్లను పిలవండి. రాత్రిపూట కాదు, పగలు. కొబ్బరి మట్టలు, ఎండిన తాటాకులు, చెద పట్టిన మొద్దులు, పత్తికట్టె, పొయ్యికి పనికిరానివన్నీ గేటు బయట కుప్ప పెట్టి “ఇవి మీవి, పేర్చినవి మావి” అని వాళ్లతోనే మోయించండి. తమ చేత్తో మోసుకెళ్లిన ఇంటి మీదికి మళ్లీ రావడానికి పిల్లలు సిగ్గుపడతారు. భోగికి ముందు రెండు రాత్రులు మంచాలు, నిచ్చెన, నాగలి, ఎద్దుబండి కాడి లోపల పెట్టుకోండి.

కుప్పలో ప్లైవుడ్, రంగు వేసిన తలుపులు, టైర్లు, ప్లాస్టిక్ కుర్చీలు వెయ్యనివ్వొద్దు. ఆ పొగ విషం. గన్నేరు కొమ్మలు కూడా వద్దు, దాని పొగా మంచిది కాదు. ధనుర్మాసం అంతా పెట్టిన గొబ్బెమ్మలను పిడకలు చేసి దండలు గుచ్చే అలవాటు ఉన్న ఇళ్లు వాటినే ఎక్కువ చేస్తే మంట నిలబడుతుంది, కట్టె మీద ఆశ తగ్గుతుంది.

ప్రశ్న: ఒహాయోలో ఉంటాం. తుఫానుకు పడిన ఓక్ చెట్టును వారాంతాల్లో నేనే కోసి, చీల్చి పేర్చాను. పక్కింటాయన క్యాంపింగ్‌కు ట్రక్కు నిండా అడుగుతున్నారు. ఇవ్వాలనే ఉంది. (ఒక పాఠకుడు)

జవాబు: పెరట్లో కాల్చుకోవడానికైతే ఇవ్వండి. ఊరు దాటించడానికి ఇవ్వకండి. యాష్ చెట్లను చంపే ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే పురుగు అమెరికాలో మొదట 2002లో మీ పక్క రాష్ట్రం మిషిగన్‌లో బయటపడింది. అది దూర ప్రాంతాలకు పాకడానికి పెద్ద కారణం మనుషులు ట్రక్కుల్లో మోసిన కట్టెలే. మీది ఓక్ అయినా బెరడు కింద వేరే పురుగులు, ఓక్ విల్ట్ అనే శిలీంద్రపు తెగులు ఉండొచ్చు. “క్యాంపు దగ్గరే కొనుక్కోండి, అక్కడి అడవికి మంచిది” అంటే ఆయన తప్పుగా అనుకోరు, అక్కడ ఇది అందరికీ తెలిసిన మాటే.

మీ దొంతరలో ఒక్కో వరసకు ఏ ఏడాది కొట్టిందో రాసిన చీటీ తగిలించండి. ఓక్ చీల్చాక కూడా ఎండడానికి ఏడాది నుంచి రెండేళ్లు పడుతుంది, తేమ మీటరు 20 శాతం లోపు చూపాలి. మీటరును బయటి ముఖం మీద కాదు, అప్పుడే చీల్చిన లోపలి ముఖం మీద గుచ్చాలి. నిరుటి వరస నుంచి ఎవరైనా తీసుకెళ్తే దాని బదులు కొత్త వరస ఈ చలికి పనికిరాదు. అందుకే పక్కవాళ్లకు ఇవ్వదలిస్తే చీల్చని పచ్చి మొద్దులే ఇవ్వండి, కావలసినవాళ్లు చీల్చుకుంటారు. కొలత మాట వస్తే ఒక కార్డ్ అంటే నాలుగడుగుల ఎత్తు, నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు, మొత్తం 128 ఘనపుటడుగులు. ఫేస్ కార్డ్ అంటే ముందు ముఖం అంతే, వెడల్పు ఒక కట్టె పొడవు, 16 అంగుళాల కట్టెలైతే కార్డ్‌లో మూడోవంతు. ఏది ఇస్తున్నారో పేరు పెట్టి చెప్పండి. మీ చైన్‌సా మాత్రం అరువు ఇవ్వకండి, ఆయన కాలికి తగిలితే కట్టె మాట పక్కకు పోతుంది. కోత మీరు కోసి పెట్టండి, చీల్చడం ఆయన్ని చూసుకోమనండి.